టక్కుమనే మీట: అట్టపెట్టె కాక్‌పిట్‌కు ఏ స్విచ్చులు కావాలి?

మీ ఇంట్లో లైటు వెయ్యాలంటే స్విచ్చిని ఎటు నొక్కుతారు? కిందికి. ఆర్పాలంటే పైకి. కరెంటు పోయి వచ్చిన రాత్రి గోడ తడుముకుంటూ వెళ్ళినా, మీ వేలు తనంతట తానే స్విచ్చి కింది అంచును వెతుక్కుంటుంది. ఈ పద్ధతి మనకు ఇంగ్లండు నుంచి వచ్చింది. అమెరికాలో ఇది తలకిందులు. అక్కడ మీటను పైకి లేపితే దీపం వెలుగుతుంది, కిందికి దించితే ఆరిపోతుంది.

మరి విమానం నడిపే గదిలో, అంటే కాక్‌పిట్‌లో ఏ పద్ధతి? అక్కడ ఇంగ్లండు, అమెరికా తేడాలు లేవు. ఎదురుగా ఉన్న పలక మీద స్విచ్చి అయితే సాధారణంగా పైకి, తల మీద ఉన్న పలకలో అయితే ముందుకు, అంటే విమానం ముక్కు వైపుకు తోస్తే ఆన్. పెంచడం, నడిపించడం, వెయ్యడం అన్నీ పైకీ ముందుకూ. తగ్గించడం, ఆపడం కిందికీ వెనక్కీ. కాబట్టి మన ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల విమానం కాక్‌పిట్‌లో కూర్చుంటే మొదట నేర్చుకోవలసింది ఎగరడం కాదు, ఇంటి గోడ నేర్పిన అలవాటును పక్కన పెట్టడం.

'మాకు కాక్‌పిట్ ఎక్కడిది సార్?' అంటారా? మహబూబాబాద్‌లో విమానాశ్రయం లేదు, నిజమే. దగ్గరలో ఉన్నది వరంగల్ పక్కన మామునూరు. నిజాం కాలంలో కట్టిన ఆ విమానాశ్రయంలో 1981 దాకా విమానాలు దిగాయి, తరవాత ఆగిపోయాయి. కాని కాక్‌పిట్‌కు రన్‌వే అక్కర్లేదు. ఒక పాత కంప్యూటరు, ఒక బల్ల, నాలుగు అట్టపెట్టెలు చాలు. ఫ్లయిట్‌గేర్ అనే విమానపు ప్రోగ్రాం ఒకటి ఉంది. దాన్ని ప్రపంచంలోని ఔత్సాహికులు 1990ల నుంచి కలిసి రాస్తున్నారు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తెరమీద రన్‌వే, మేఘాలు, దిక్సూచి అన్నీ అది చూపిస్తుంది. మీరు చెయ్యవలసింది మీటలూ స్విచ్చులూ ఉన్న పలక. దీన్నే ఫ్లయిట్ సిమ్యులేటర్ కాక్‌పిట్ అంటారు.

ఇది పిల్లల ఆటే అనుకోకండి. నిజమైన పైలట్లు సిమ్యులేటర్లలోనే నేర్చుకుంటారు. మొదటిది తయారు చేసినవాడు అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు, 1929లో. వాళ్ళ ఇంటి వ్యాపారం సంగీతవాద్యాలు, తిత్తులతో గాలి ఊది వాయించే ఆర్గన్ పెట్టెలు. అదే తిత్తులను ఒక చిన్న చెక్క విమానం కింద అమర్చి, అది పక్కలకు ఒరిగేలా, ముక్కు ఎత్తేలా చేశాడు. మొదట్లో దాన్ని తిరునాళ్ళ బొమ్మగానే చూశారు. 1934లో అమెరికా సైన్యం ఉత్తరాల సంచులను విమానాల్లో మోసే పని చేపట్టింది. చెడ్డ వాతావరణంలో, ఏమీ కనిపించని మేఘాల్లో నడపడం రాక చాలామంది పైలట్లు చనిపోయారు. అప్పుడు సైన్యం లింక్ పెట్టెలు ఆరు కొన్నది. నేల మీద వెయ్యి తప్పులు చేసినా ఎవరికీ దెబ్బ తగలదని అప్పటికి అర్థమయింది. మన హైదరాబాదులో కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థ తన పైలట్లకు శిక్షణ కేంద్రం నడిపింది, అందులో సిమ్యులేటర్లు ఉండేవి.

సరే, స్విచ్చుల సంగతికి వద్దాం. పొట్టి కర్రలాంటి మీట ఉండి, దాన్ని అటో ఇటో వంచితే టక్కుమని పడే స్విచ్చిని టాగిల్ స్విచ్చి అంటారు. ట్రాక్టర్లలో, పాత రేడియోల్లో, మైకుసెట్ల వాళ్ళ ఆంప్లిఫయర్లలో మీరు చూసే ఉంటారు. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు కాక్‌పిట్ పలక తయారు చేస్తామన్నప్పుడు ఎవరికి దొరికిన స్విచ్చి వాళ్ళు పట్టుకొచ్చారు. ఒకరు ట్రాక్టరు దీపాల స్విచ్చి, ఒకరు పాడైన స్టెబిలైజరులోది, ఇంకొకరు బోర్డుమీది తెల్ల స్విచ్చి. బల్ల నిండిపోయింది. వాటిలో పెద్దదాన్ని చూపించి 'ఇది గట్టిది సార్, పదిహేను ఆంపియర్లు తట్టుకుంటుంది, ఇదే మంచిది' అన్నారు అందరూ. అక్కడే పాఠం మొదలయింది. గట్టి స్విచ్చి వేరు, మన పనికి తగిన స్విచ్చి వేరు.

ముందు లోపల ఏముందో చూద్దాం. టాగిల్ స్విచ్చి మీటను మెల్లగా, చాలా మెల్లగా వంచి చూడండి. సగం దూరం వరకు మొరాయిస్తుంది. సగం దాటగానే మీ ప్రమేయం లేకుండా టక్కుమని అవతలికి పడుతుంది. లోపల ఉన్న స్ప్రింగు చేసే పని ఇది. మీట సగం దారి చేరేదాకా మీ వేలు స్ప్రింగును నొక్కుతూ దానిలో శక్తి నింపుతుంది; సగం దాటాక స్ప్రింగు ఆ శక్తిని ఒక్కసారిగా విడుదల చేస్తుంది. ఇంత ఏర్పాటు ఎందుకు? విద్యుత్తు ప్రవహిస్తున్న రెండు లోహపు ముక్కలను నెమ్మదిగా విడదీస్తే వాటి మధ్య నిప్పురవ్వ పుట్టి, సాగి, లోహాన్ని కాలుస్తుంది. ఎంత త్వరగా విడదీస్తే రవ్వ అంత త్వరగా తెగుతుంది. మీరు మెల్లగా వంచినా స్విచ్చి మాత్రం చటుక్కున తెగాలన్నమాట. ఇంగ్లండులో న్యూకాసిల్‌కు చెందిన జాన్ హెన్రీ హోమ్స్ 1884లో ఇలా చటుక్కున తెగే స్విచ్చిని కనిపెట్టాడు. మన ఇళ్ళలో వినిపించే 'టక్' ఆ కుటుంబానిదే.

స్విచ్చి పక్కన సన్నని అక్షరాల్లో ఏదో రాసి ఉంటుంది. చిన్న టాగిల్ స్విచ్చుల మీద ఎక్కువగా '6 ఆంపియర్లు 125 వోల్టులు, 3 ఆంపియర్లు 250 వోల్టులు, ఏ.సి.' అని కనిపిస్తుంది. వోల్టులు పెరిగితే ఆంపియర్లు ఎందుకు తగ్గాయి? వోల్టులు ఎక్కువైతే రవ్వ మొండిగా ఉంటుంది కనుక. ఏ.సి. అని ప్రత్యేకంగా ఎందుకు రాశారు? మన ఇళ్ళకు వచ్చే ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. ప్రతి ఆవర్తనంలో రెండుసార్లు ప్రవాహం సున్నకు వస్తుంది. అంటే సెకనుకు వంద సార్లు రవ్వకు ఊపిరి ఆగుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే డి.సి.లో ఆ సున్న రాదు, రవ్వ పట్టుకుని వేలాడుతుంది. అందుకే 125 వోల్టుల ఏ.సి. తట్టుకునే స్విచ్చి 125 వోల్టుల డి.సి. తట్టుకుంటుందని అనుకోకూడదు. విమానాల్లో ఎక్కువగా 28 వోల్టుల డి.సి., 400 ఆవర్తనాల 115 వోల్టుల ఏ.సి. వాడతారు. కాబట్టి అక్కడి స్విచ్చులను ఆ రెండు లెక్కల ప్రకారమూ పరీక్షించి వాడతారు.

మరి మన అట్టపెట్టె కాక్‌పిట్‌లో ఎంత ప్రవాహం ఉంటుంది? పదో తరగతి వారు ఓమ్ నియమం తీయండి. కంప్యూటరుకు సంకేతం పంపే చిన్న బోర్డు 5 వోల్టులతో పనిచేస్తుంది. స్విచ్చి దారిలో 10,000 ఓముల నిరోధం పెడతాం. 5ను 10,000తో భాగిస్తే 0.0005 ఆంపియర్లు, అంటే అర మిల్లీఆంపియరు. 6 ఆంపియర్ల స్విచ్చి మోయగలిగిన దానిలో ఇది పన్నెండు వేలవ వంతు! చీమను మోయడానికి ఎడ్లబండి కట్టినట్టు.

'మోస్తే మంచిదే గదా, ఎడ్లబండికి చీమ బరువా?' అని మీరు అడగవచ్చు. ఇక్కడే తమాషా ఉంది. పెద్ద స్విచ్చుల్లో తాకుడు ముక్కలు సాధారణంగా వెండివి, లేదా వెండి కలిపిన లోహానివి. వెండి పట్టీలు కొన్నాళ్ళకు నల్లబడడం మీరు చూసే ఉంటారు. గాలిలోని గంధకపు వాయువులు వెండితో కలిసి ఆ నల్లని పొర ఏర్పడుతుంది. స్విచ్చి లోపల కూడా అదే జరుగుతుంది. పెద్ద ప్రవాహం ఉన్నప్పుడు, స్విచ్చి వేసిన ప్రతిసారీ పుట్టే చిన్న రవ్వ ఆ పొరను కాల్చి శుభ్రం చేస్తుంది. అర మిల్లీఆంపియరుకు ఆ శక్తి లేదు. పొర అలాగే ఉండిపోతుంది. మీట ఆన్‌లో ఉంటుంది, కంప్యూటరు మాత్రం ఆఫ్ అనుకుంటుంది. మళ్ళీ ఒకసారి కదిపితే పనిచేస్తుంది, రేపు మళ్ళీ పనిచెయ్యదు. ఇంత విసిగించే లోపం మరొకటి ఉండదు. ఎందుకంటే పరీక్షించబోతే అది దాక్కుంటుంది. సన్నని సంకేతాలకు ఉద్దేశించిన స్విచ్చుల్లో తాకుడు ముక్కలకు బంగారు పూత వేస్తారు, బంగారం నల్లబడదు. ఆ స్విచ్చుల ధర ఎక్కువ. ప్రతిదానికీ అవి అక్కర్లేదు. కొత్త చిన్న టాగిల్ స్విచ్చులు మూత బిగుతుగా ఉన్నవైతే ఏళ్ళ తరబడి బాగానే నడుస్తాయి. అప్పుడప్పుడు ప్రతి మీటనూ పదిసార్లు అటూ ఇటూ కొట్టండి, ముక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుని పొర కొంత పోతుంది. కాని పాత ట్రాక్టరు స్విచ్చులు మాత్రం వద్దు. వాటిలో రవ్వలకు కాలిన గుంటలు, మసి ఇప్పటికే ఉంటాయి.

ఇంకొక మాట ఇక్కడే చెప్పేస్తాను. ఎంత గట్టి స్విచ్చి దొరికినా, మీ పలకలోకి ఇంటి 230 వోల్టుల కరెంటును రానివ్వవద్దు. పలక వెనక తీగలు విప్పుతూ కలుపుతూ ఉంటారు. అట్ట, చెక్క, చెమట చేతులు అక్కడే ఉంటాయి. కంప్యూటరు ఇచ్చే 5 వోల్టులు తప్ప మరేదీ ఆ పలక గడప దాటకూడదు. పలకలో దీపాలు కావాలంటే అవీ 5 వోల్టుల ఎల్.ఇ.డి.లే.

ఇప్పుడు దుకాణంలో ఎలా అడగాలో చూద్దాం. టాగిల్ స్విచ్చి అంటే ఒకటే రకం కాదు. అడుగున ఎన్ని కాళ్ళున్నాయో లెక్కపెట్టండి. రెండు కాళ్ళది మామూలు వన్ వే స్విచ్చి. దాన్ని ఎస్.పి.ఎస్.టి. అంటారు. మూడు కాళ్ళది టూ వే. ఇది మీకు తెలిసిందే: మెట్ల దగ్గర కింద ఒకటి, పైన ఒకటి పెట్టి ఒకే దీపాన్ని రెండు చోట్ల నుంచీ వేసి ఆర్పుతామే, ఆ స్విచ్చే. దీని పేరు ఎస్.పి.డి.టి. మధ్య కాలు ఎప్పుడూ ఉమ్మడిది. అది ఒకసారి ఈ చివరి కాలితో, ఒకసారి ఆ చివరి కాలితో కలుస్తుంది. ఆరు కాళ్ళున్నది డి.పి.డి.టి., అంటే రెండు టూ వే స్విచ్చులు ఒకే మీటకు కట్టినట్టు. మన పలకకు మూడు కాళ్ళవి చాలు. ఒకే మీటతో కంప్యూటరుకు సంకేతమూ వెళ్ళాలి, పలక మీద దీపమూ వెలగాలి అంటేనే ఆరు కాళ్ళవి కొనండి.

మూడు కాళ్ళ స్విచ్చిలో ఒక చిత్రం ఉంది. మీటను పైకి లేపితే మధ్య కాలు ఏ కాలితో కలుస్తుంది? పై కాలితో అని పదిమందిలో తొమ్మిదిమంది చెబుతారు. బడి మైదానంలో ఊగుడుబల్లను గుర్తు తెచ్చుకోండి: ఒక చివర పైకి లేస్తే మరో చివర దిగుతుంది. మీట మధ్యలో ఇరుసు ఉంది. బయటి కొన పైకి పోతే లోపలి కొన కిందికి పోతుంది. కాబట్టి ఈ తరహా స్విచ్చుల్లో ఎక్కువ వాటికి మీట పైకి ఉంటే కింది కాలే కలుస్తుంది. నమ్మకం లేకపోతే టార్చి బల్బు, ఒక సెల్లు, రెండు తీగలు తీసుకుని చూడండి. నమ్మకం ఉన్నా చూడండి, ఎందుకంటే టంకం వేశాక విప్పడం కష్టం.

కాళ్ళ తరవాత, మీట ఎన్ని చోట్ల నిలుస్తుంది అన్నది చూడాలి. రెండు చోట్ల నిలిచేవి మామూలువి. మూడు చోట్ల నిలిచేవీ ఉన్నాయి. మధ్యలో ఉంటే దేనితోనూ కలవదు, పైకీ కిందికీ ఉంటే చెరొక కాలితో కలుస్తుంది. మరొక రకంలో వేలు తీయగానే మీట స్ప్రింగు బలంతో తనంతట తానే మధ్యకు వచ్చేస్తుంది. కాలింగ్ బెల్లు బటను లాగా. ఏ పనికి ఏది? దీనికి బోయింగ్ 737 తల మీది పలకను చూస్తే చాలు. దానిలో అన్ని రకాలూ ఉన్నాయి. రెక్కల చివర దీపాల స్విచ్చి మూడు చోట్ల నిలుస్తుంది: ఒకవైపు నిలకడ దీపాలు, మధ్యలో ఆఫ్, మరోవైపు నిలకడ దీపాలతోపాటు మెరుపు దీపాలు. జనరేటరు స్విచ్చులను ఆన్ వైపు ఒకసారి తోసి వదిలితే మళ్ళీ మధ్యకు వస్తాయి. తోకలో ఉన్న చిన్న ఇంజను స్విచ్చి రెండు గుణాలూ కలిసినది: ఆఫ్, ఆన్ అనే చోట్ల నిలుస్తుంది, స్టార్ట్ అనే చోట మాత్రం నిలవదు, వదలగానే ఆన్‌కు తిరిగి వస్తుంది. ఆటో తాళంచెవి తిప్పినప్పుడు ఇంజను అందుకోగానే చెవి వెనక్కి వస్తుందే, అదే ఏర్పాటు. బ్యాటరీ స్విచ్చి మీద ఒక మూత ఉంటుంది. మూత దించితే స్విచ్చి ఆన్‌లోనే ఉండక తప్పదు. చెయ్యి తగిలి బ్యాటరీ ఆగిపోకుండా అది కాపలా.

ఈ మూతల గురించి, తాళాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 2025 జూన్ 12న అహ్మదాబాదులో ఎయిర్ ఇండియా బోయింగ్ 787 విమానం బయలుదేరిన కొద్ది క్షణాలకే కూలిపోయి, విమానంలో ఉన్నవారు 241 మంది, నేల మీద 19 మంది చనిపోయారు. మీలో చాలామంది ఆ వార్త చూసే ఉంటారు. నెల తరవాత వచ్చిన ప్రాథమిక నివేదికలో, రెండు ఇంజన్ల ఇంధనపు స్విచ్చులూ సెకను తేడాతో ఒకదాని వెంట ఒకటి 'రన్' నుంచి 'కటాఫ్'కు మారినట్టు, తరవాత మళ్ళీ 'రన్'కు వచ్చినట్టు నమోదైంది. అవి ఎలా మారాయన్నది ఆ ప్రాథమిక నివేదిక చెప్పలేదు. దానిమీద ఊహలు అల్లడం మన పని కాదు. కాని ఆ స్విచ్చి ఎలాంటిదో తెలుసుకోవడం మన పనే. అది తాళం ఉన్న టాగిల్ స్విచ్చి. మామూలు టాగిల్‌లా పక్కకు తోస్తే కదలదు. మీట తలను పట్టి పైకి లాగి, మధ్యలో ఉన్న గట్టు దాటించి, అప్పుడు అవతలికి దించాలి. లాగడం, కదపడం, వదలడం అని మూడు పనులు చేస్తేనే ఒక మార్పు. ఇలాంటి స్విచ్చులు దుకాణాల్లో కూడా దొరుకుతాయి, ఖరీదు ఎక్కువే. పలకంతటికీ పెట్టనక్కర్లేదు. మీ పలకలో ఇంధనం ఆపే స్విచ్చికైనా అది పెట్టుకోండి. డబ్బు చాలకపోతే మామూలు టాగిల్ మీద ఎర్రని ఎత్తుడు మూత పెట్టండి. లేదా దళసరి రేకు ముక్కను రెండు పక్కలా గోడలా నిలబెట్టండి. మోచెయ్యి తగిలినా మీట కదలకపోతే చాలు.

స్విచ్చి చూడకుండానే వేలికి తెలియాలి అన్నది మరో పెద్ద సంగతి. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ళ బి-17 బాంబరు విమానాలు క్షేమంగా దిగి, రన్‌వే మీద పరుగెత్తుతూ ఉండగానే ఉన్నట్టుండి పొట్టమీద కూలబడేవి. దిగాక పైలట్ రెక్కల వెనక ఉండే ఫ్లాపులను ఎత్తాలి. దానికి బదులు చక్రాలను ఎత్తేసేవాడు! పైలట్ల అజాగ్రత్త అన్నారు. అల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాక్‌పిట్‌లోకి వెళ్ళి చూశాడు. చక్రాల స్విచ్చి, ఫ్లాపుల స్విచ్చి పక్కపక్కనే ఉన్నాయి, రెండూ ఒకే రకం టాగిల్ స్విచ్చులు. డకోటా జాతి విమానాల్లో మాత్రం ఈ పొరపాటు జరగడం లేదు. వాటిలో ఆ రెండు మీటలకూ పోలికే లేదు. ఇంక తప్పు ఎవరిది? చపానిస్ మందు చాలా చవకది: చక్రాల మీట కొనకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీట కొనకు చీలలాంటి ముక్క తగిలించాడు. కళ్ళు మూసుకున్నా వేళ్ళకు తేడా తెలుస్తుంది. ఈ రోజు ప్రయాణికుల విమానాల్లో చక్రాల మీట కొన చక్రం ఆకారంలో, ఫ్లాపుల మీట కొన రెక్క ఆకారంలో ఉండాలన్నది నియమం. అన్నట్టు, 1945లో హైదరాబాదులో పుట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపినవి డకోటాలే.

కనుక ఇరవై స్విచ్చులూ ఒకే దుకాణంలో, ఒకే రకానివి కొని వరసగా బిగిస్తే పలక అందంగా ఉంటుంది, నాకూ తెలుసు. కాని నా మాట వినండి. దీపాల స్విచ్చులు ఒక గుంపు, ఇంధనపు స్విచ్చులు ఒక గుంపు, మధ్యలో మూడు వేళ్ళ ఎడం. ముఖ్యమైన మీటల తలకు సైకిలు వాల్వు రబ్బరు తొడగండి, పాత పెన్ను మూత అతికించండి, చెప్పు రబ్బరుతో చిన్న చక్రం కోసి గుచ్చండి. తరవాత మీ స్నేహితుడికి కళ్ళకు గంతలు కట్టి 'చక్రాలు ఎత్తు' అనండి. తడబడితే పలకను మార్చండి, స్నేహితుణ్ణి తిట్టకండి.

ఇక తీగల సంగతి. స్విచ్చి ఒక కాలిని బోర్డు సున్న వోల్టుకు, మరో కాలిని బోర్డు ముఖద్వారానికి కలుపుతాం. స్విచ్చి తెరిచి ఉంటే ఆ ద్వారం దేనికీ అంటకుండా గాలిలో వేలాడుతుంది. ఆ స్థితిలో బోర్డు ఒకసారి ఒకటి, ఒకసారి సున్న అని పిచ్చిగా చదువుతుంది. అందుకని ద్వారాన్ని 10,000 ఓముల నిరోధం ద్వారా 5 వోల్టులకు కట్టి ఉంచుతాం. స్విచ్చి తెరిచి ఉంటే 5 వోల్టులు, మూస్తే సున్న. ఆర్డ్వినో వంటి బోర్డుల్లో ఈ నిరోధం లోపలే ఉంటుంది, ప్రోగ్రాంలో అడిగితే చాలు. వాటిలో లియోనార్డో అనే రకం కంప్యూటరుకు తనను జాయ్‌స్టిక్‌గా పరిచయం చేసుకోగలదు.

స్విచ్చి మూసిన క్షణంలో లోహపు ముక్కలు నేల మీద పడిన గోలీలా ఎగిరెగిరి నిలుస్తాయి. అంతా కొన్ని వేలవ వంతుల సెకనులోనే. మన కంటికి ఒక్క 'టక్', బోర్డుకు మాత్రం నాలుగైదు సార్లు వేసి తీసినట్టు. మార్పు కనిపించాక సెకనులో యాభైవ వంతు ఆగి మళ్ళీ చదవమని ప్రోగ్రాంలో రాస్తే ఈ గొడవ పోతుంది.

స్విచ్చులు పెరిగేకొద్దీ బోర్డు ద్వారాలు చాలవు. పదహారు స్విచ్చులకు పదహారు తీగలా? అక్కర్లేదు. కాగితం మీద నాలుగు అడ్డగీతలు, నాలుగు నిలువు గీతలు గీయండి. అవి కలిసే చోట్లు పదహారు. ఒక్కొక్క చోట ఒక్కొక్క స్విచ్చి పెట్టి, అడ్డగీతకూ నిలువు గీతకూ మధ్య కలపండి. తీగలు ఎనిమిదే! బోర్డు ఒక్కొక్క అడ్డగీతకు వరసగా సంకేతం ఇస్తూ, ఏ నిలువు గీతలో అది బయటికి వచ్చిందో చూస్తుంది. మీ కంప్యూటరు కీబోర్డులో ఉన్నదీ ఇదే.

కాని కీబోర్డుకూ మన పలకకూ ఒక తేడా ఉంది. కీ నొక్కి వదిలేస్తారు. టాగిల్ స్విచ్చి వేసింది వేసినట్టే ఉంటుంది. ఒకేసారి పది స్విచ్చులు మూసి ఉండవచ్చు. అప్పుడు దయ్యం పుడుతుంది. గీతల మీద వేలు పెట్టి చూడండి. ఒకటో అడ్డగీత, ఒకటో నిలువు గీత కలిసే చోటి స్విచ్చి 'క'. అదే అడ్డగీత మీద రెండో నిలువు గీత దగ్గర 'గ'. రెండో అడ్డగీత మీద ఒకటో నిలువు గీత దగ్గర 'చ', రెండో నిలువు గీత దగ్గర 'జ'. క, గ, చ వేసి ఉన్నాయి, జ వెయ్యలేదు. బోర్డు రెండో అడ్డగీతకు సంకేతం ఇచ్చింది. అది 'చ' ద్వారా ఒకటో నిలువు గీతకు దిగింది. అక్కడి నుంచి 'క' ద్వారా వెనక్కి ఒకటో అడ్డగీతకు ఎక్కింది. అక్కడి నుంచి 'గ' ద్వారా రెండో నిలువు గీతకు దిగింది. బోర్డు చూసి 'జ వేసి ఉంది' అనుకుంటుంది. మీరు ముట్టుకోని స్విచ్చి పడినట్టు లెక్క. 'జ' ఇంజను ఆపే స్విచ్చి అయితే? తెరమీద మీ విమానం ఆకాశంలో చల్లగా ఆగిపోతుంది, కారణం ఎంత వెతికినా దొరకదు.

దొంగదారి ఎక్కడుందో గమనించారా? 'క' దగ్గర సంకేతం నిలువు నుంచి అడ్డానికి, అంటే ఎదురు దిశలో నడిచింది. ఎదురు నడవకుండా ఆపే పరికరం డయోడు. ప్రతి స్విచ్చికీ వరసలో ఒక చిన్న డయోడు పెట్టండి, 1ఎన్4148 అని అడిగితే ఇస్తారు. అన్నీ ఒకే దిశలో, అడ్డం నుంచి నిలువుకు మాత్రమే పోనిచ్చేలా ఉండాలి. డయోడు మీద నల్లని పట్టీ ఉన్న కొన నిలువు గీత వైపు. ఒక్కటి తిరగబడినా ఆ స్విచ్చి అసలు పలకదు. మీ బోర్డు ప్రోగ్రాం నిలువు నుంచి అడ్డానికి సంకేతం పంపేదైతే డయోడులన్నింటినీ తిప్పి పెట్టాలి.

టాగిల్‌తో మరొక పేచీ ఉంది. నిన్న సాయంత్రం దీపాల మీటలు వేసి ఉంచి ఆట ఆపేశారు. ఈ రోజు ప్రోగ్రాం మొదలుపెడితే తెరమీద విమానంలో దీపాలు ఆఫ్, చేతి కింద మీట ఆన్. 'మీట కదిలితే దీపం మార్చు' అని రాసుకుంటే రోజంతా తలకిందులుగానే నడుస్తుంది. 'మీట ఎక్కడ ఉందో చూసి దీపాన్ని అలాగే ఉంచు' అని రాయాలి. మొదలుపెట్టగానే బోర్డు పదహారు మీటల స్థితినీ ఒకసారి పంపాలి. నిజం పైలట్లు కూడా ఎక్కగానే జాబితా పట్టుకుని ఒక్కొక్క స్విచ్చి ఎక్కడుందో చూస్తారు. మీరూ ఆ జాబితా ఒకటి రాసి పలక పక్కన అంటించండి.

కొనడానికి హైదరాబాదు వెళ్ళేవారుంటే కోఠిలో గుజరాతీ గల్లీలో అన్ని రకాలూ దొరుకుతాయి. వెళ్ళే ముందు స్విచ్చి మెడ కొలత రాసుకోండి. చిన్న టాగిల్ మెడకు 6 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, పెద్దదానికి 12. రెండు రకాలూ కలిపి కొంటే రెండు డ్రిల్లు బిట్లు కావాలి. మెడ మీద ఒక గాడి, దానితో ఒక పన్ను ఉన్న వాషరు వస్తాయి; పారెయ్యకండి. ఆ పన్ను పలకలో చిన్న గుంటలో కూర్చుంటేనే స్విచ్చి తిరగకుండా నిలుస్తుంది. ఒట్టి అట్ట వారం రోజుల్లో చిరిగిపోతుంది, పలక వరకైనా పలుచని ప్లైవుడ్డో అల్యూమినియం రేకో వాడండి. టంకం వేసేటప్పుడు కాలు మీద కడ్డీని రెండు మూడు సెకన్లకు మించి ఉంచితే లోపలి ప్లాస్టిక్కు మెత్తబడి కాలు వంకరవుతుంది, మీట టక్కుమనడం మానేస్తుంది. వేసిన ప్రతి స్విచ్చినీ అప్పటికప్పుడే బల్బుతో పరీక్షించి, రెండోది మొదలుపెట్టండి.

ఇప్పుడు మీకు ఒక లెక్క. పై గీతల పలకలో ప్రతి అడ్డగీత మీద రెండేసి మూడు చోట్ల నిలిచే స్విచ్చులు పెట్టాలనుకోండి. అలాంటి ఒక్కొక్క స్విచ్చి గీతలు కలిసే చోట్లు ఎన్ని ఆక్రమిస్తుంది? మొత్తం డయోడులు ఎన్ని కావాలి? బొమ్మ గీసి చూడండి.